తూటా మూతి నొక్కితే గురి కుదురునా?

వాడిన ఇత్తడి గొట్టములో మళ్లీ మందు పోసి, కొత్త గుండు అమర్చుకొనే రైఫిలు వాడుకదార్లలో చాలమందికి ఒక నమ్మకం ఉన్నది. గొట్టపు మూతిని గుండు చుట్టూ గట్టిగా నొక్కితే గురి మెరుగగునట!

నొక్కుడు అసలు పని వేరు. తుపాకి తన్నినప్పుడు మేగజైనులోని తూటాల గుండ్లు లోపలికి జారకుండ అది పట్టి ఉంచును. ప్రతి గుండూ ఒకే ఒత్తిడి వద్ద విడివడి, వేగాలు సమానమగునన్న వాదంలో కొంత అర్థం లేకపోలేదు. కాని గొట్టాల పొడవులు సమానంగా లేనిచో నొక్కుడే అసమానమగును; మితిమీరితే గుండు రూపే చెడును.

పోనీ, వేగాలు సమానమైనవే అనుకొందాము. లాభమెంత? గాలి నిరోధాన్ని విడిచి లెక్కిద్దాము. సెకనుకు 800 మీటర్ల వేగంగల గుండు 100 మీటర్లు దాటులోగా 76.6 మిల్లీమీటర్లు క్రిందికి దిగును. వేగం 790 అయితే 78.5. తేడా రెండు మిల్లీమీటర్లైనా లేదు! 300 మీటర్ల వద్ద మాత్రం అది 17 దాటును. కనుక దగ్గరి గురిలో కనబడిన పెద్ద మెరుగుదలను ఈ కారణంతో సమర్థించలేము.

హైదరాబాదు గురికాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్యం గెలిచినది ఎయిర్ రైఫిలుతో. ఆ సీసపు గుండుకు గొట్టమే లేదు, ఇక నొక్కుటకు మూతి ఎక్కడిది? మందు తుపాకికి ఇది రుజువు కాదనుకోండి.

అసలు లోపం పరీక్షలలో ఉన్నది. శంషాబాదు విమానాశ్రయపు వైపు బయళ్లలో మే నెల ఎండ ఎట్టిదో అందరెరుగుదురు. ఆ వేడికి మందు చురుకుగా మండి, గుండు వేగం పెరుగును. ఉదయం నొక్కనివి మూడు, మధ్యాహ్నం నొక్కినవి మూడు కాల్చి చూచినచో, ఎండ చేసిన మార్పు నొక్కుడు ఖాతాలో పడును. రెండు రకాలనూ ఒకదాని వెంట ఒకటిగా, కనీసం పాతికేసి చొప్పున, ఏది ఏదో కాల్చువానికి తెలియనీయక కాల్పించవలెను.