4052 నంబరు రికార్డు

అమెరికా జాజ్ కంపెనీ బ్లూ నోట్ 1960లో చేసిన ఒక ఎల్పీకి 4052 అని నంబరు కేటాయించింది. ‘బ్యాక్ టు ది ట్రాక్స్’ అని పేరు పెట్టారు, అట్ట కూడా సిద్ధమైంది. రికార్డు మాత్రం అంగడికి రాలేదు. 1985లో మొజాయిక్ అనే చిన్న సంస్థ పాత టేపులు వెలికితీసి తెచ్చేదాకా ఆ సంగీతంలో చాలా భాగం శ్రోతలకు అందలేదు. టెనర్ సాక్సఫోన్ వాయించిన టీనా బ్రూక్స్ అప్పటికి పోయి పదకొండేళ్లు. (టీనా అన్నది చిన్నప్పుడు బుల్లిగా ఉండేవాడని వచ్చిన ముద్దుపేరు; అసలు పేరు హెరాల్డ్.) 1958 నుంచి 1961 దాకా బ్లూ నోట్ ఆయన పేరు మీద నాలుగు ఎల్పీలకు సరిపడా రికార్డు చేసింది. బతికుండగా వెలువడింది ఒక్కటే, ‘ట్రూ బ్లూ’.

బాగుంటే కంపెనీయే వేసేది కదా అనొచ్చు. కొట్టిపారేయదగ్గ మాట కాదు. బ్లూ నోట్ నడిపిన ఆల్ఫ్రెడ్ లయన్ చెవి గట్టిది. కానీ 1960 సెప్టెంబరు 1న ఏం జరిగిందో చూడండి. రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో ఆల్టో సాక్సఫోన్ మీద జాకీ మెక్లీన్, టెనర్ మీద బ్రూక్స్, ట్రంపెట్ మీద బ్లూ మిచెల్, పియానో మీద కెనీ డ్రూ, బాస్ మీద పాల్ చేంబర్స్, డ్రమ్స్ మీద ఆర్ట్ టేలర్ కలిసి కూర్చున్నారు. ఆ రోజు వాయించిన వాటిలో కొన్ని మెక్లీన్ పేరుతో ‘జాకీస్ బ్యాగ్’లో వచ్చాయి. అందులో ‘ఐల్ ఆఫ్ జావా’ బ్రూక్స్ కట్టిన బాణీయే. అదే రోజు అదే ఆరుగురు వాయించిన ‘స్ట్రీట్ సింగర్’ మాత్రం 4052తో పాటు బీరువాలో ఉండిపోయింది. ఒకటి మెక్లీన్ ఖాతాలో పడింది, రెండోది బ్రూక్స్ ఖాతాలో పడింది. నాకు కనిపించే తేడా అంతే. పేరున్న టెనర్ వాద్యకారుడు హాంక్ మోబ్లీ 1966లో చేసిన ‘ఎ స్లైస్ ఆఫ్ ది టాప్’ కూడా 1979 దాకా వెలుగు చూడలేదు. బీరువాలో ఉండిపోవడాన్ని తీర్పుగా తీసుకోలేం.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. మత్తుమందు బారిన పడి నలభై రెండేళ్లకే పోయిన మనిషి మీద జాలి మన చెవిని మోసం చేస్తుందేమో. అందుకే ఆ కథతో పని లేని చోట వినాలి. ఆర్గాన్ వాయించే జిమ్మీ స్మిత్ ‘ద సెర్మన్’ 1958 ఫిబ్రవరిలో రికార్డైన ఇరవై నిమిషాల బ్లూస్. లీ మోర్గన్, లూ డొనాల్డ్‌సన్, కెనీ బరెల్ పక్కన బ్రూక్స్ ఒకడు, అంతే. అయినా వంతు రాగానే గుర్తుపడతాం. గొంతు సన్నన, తేలిక. ఎవరితోనూ పోటీకి దిగడు. చిన్న పలుకు ఒకటి అందుకుని, దాన్నే మెలితిప్పి, ఆగుతాడనుకున్న చోట ఆగకుండా ఇంకాస్త సాగదీసి, తీరిగ్గా దించుతాడు. బ్లూస్, చర్చి పాటల బరువును బీబాప్ అనే వేగమైన జాజ్ శైలి మీదికెత్తిన హార్డ్ బాప్‌లో ఇంత మెత్తగా మాట్లాడినవాళ్లు తక్కువ. ఆ మెత్తదనమే తొలి వినికిడిలో ఆయన్ని దాటిపోయేలా చేస్తుందని నా అభిప్రాయం.

టెనర్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్‌లా కొత్త దారి వేయలేదు కదా అంటే, నిజమే, వేయలేదు. కోల్ట్రేన్ ‘జెయింట్ స్టెప్స్’ వచ్చిన 1960లోనే బ్రూక్స్ అప్పటికే ఉన్న భాషలో మాట్లాడుతున్నాడు. కానీ ఆ భాషలో ఆయన కొత్త బాణీలు కట్టాడు. ట్రంపెట్ వాద్యకారుడు ఫ్రెడీ హబ్బర్డ్ తొలి రికార్డుకు శీర్షికైన ‘ఓపెన్ సెసమీ’ ఆయనదే. ఆ రికార్డు జూన్ 19న చేశారు. అదే హబ్బర్డ్‌ని పక్కన పెట్టుకుని బ్రూక్స్ ఆరు రోజులకే ‘ట్రూ బ్లూ’ చేశాడు. అందులోని ఆరు పాటల్లో అయిదు ఆయన సొంతం. ‘గుడ్ ఓల్డ్ సోల్’ మొదలుపెట్టి, ‘థీమ్ ఫర్ డోరిస్’ అయ్యేదాకా లేవకుండా వినండి. ఆ వెంటనే ‘ఐల్ ఆఫ్ జావా’, ‘స్ట్రీట్ సింగర్’ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకోండి. రెండూ ఆ సెప్టెంబరు రోజున ఆ ఆరుగురూ వాయించినవే.