ఒత్తులు చూసి తీర్పు చెప్పాలి: తెలుగు హెడర్ తయారీలో ఫొటోషాప్, గింప్

వెబ్ పత్రిక నెత్తిన ఉండే అలంకార పట్టీని ఫొటోషాప్‌లో చెయ్యాలా, గింప్‌లో చెయ్యాలా అన్న చర్చ మన దగ్గర ధరతో మొదలై ధరతోనే ముగుస్తుంది. 2013 నుంచి ఫొటోషాప్ చందా దారి పట్టింది, గింప్‌కు పైసా కట్టనక్కరలేదు; ఇక మాట్లాడడానికేముంది అన్నట్టు. తెలుగు హెడర్‌కు పరీక్ష వేరే ఉంది. రెండింటిలోనూ ‘స్వాతంత్ర్యం’ అని టైప్ చేసి ఒత్తులు ఎలా కూర్చున్నాయో చూడాలి. నా పోలిక అక్కడినుంచే మొదలవుతుంది.

ఫొటోషాప్ పుట్టింది ఫొటోల కోసం. థామస్, జాన్ నాల్ సోదరులు తయారుచేయగా 1990లో మెకింటాష్ మీదికి వచ్చిన నాడు దానికి అక్షరమంటే రంగు చుక్కల గుంపే. ఒకసారి రాసిన అక్షరాన్ని మళ్లీ దిద్దుకునే వీలు 1998లో, అయిదో వెర్షన్‌తో గానీ రాలేదు. ఇంగ్లీషు రాసేవాళ్ల కష్టం దాంతో తీరింది. మనది తీరలేదు. లాటిన్ లిపినీ తూర్పు ఆసియా లిపులనూ దృష్టిలో పెట్టుకున్న ఆ టెక్స్ట్ ఇంజన్‌లో యూనికోడ్ తెలుగు పడితే ఒత్తులు ఊడిపోయేవి, హల్లు పక్కన పొల్లు పొడుచుకొచ్చేది. అందుకే మన డీటీపీ సెంటర్లు చాలాకాలం అను ఫాంట్లను నమ్ముకున్నాయి. అవి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పేర్చిన ఫాంట్లు. ఫొటోషాప్ వాటిని ఇంగ్లీషనుకునే చూపించేది, బొమ్మలో తెలుగు పొందికగా కనిపించేది, పని గడిచేది. అదే పాఠాన్ని తీసుకెళ్లి సైట్లో ఇంకోచోట అతికిస్తే అర్థంలేని రోమన్ అక్షరాల వరస మిగిలేది.

తర్వాతి వెర్షన్లలో వరల్డ్-రెడీ లేఅవుట్ అనే అమరిక వచ్చి ఈ బాధ తీర్చింది. అయితే అది చాలాకాలం పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో లోపలెక్కడో ఉండేది. పాత అమరికతో రాసిన లేయర్ ఉంటే దానికి మళ్లీ మనమే పెట్టాల్సి వచ్చేది. కోట్లమంది రాసే లిపి సరిగ్గా కనబడడానికి ఒక మీట వెతుక్కోవాల్సి రావడం నాకు చిన్న లోపంగా తోచదు.

గింప్ సంగతి ఇక్కడ పూర్తిగా వేరు. 1995లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే విద్యార్థులు మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్, అక్షరాలను పేర్చే పని సొంతంగా పెట్టుకోకుండా ప్యాంగో, హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీలకు అప్పగించింది. ప్రపంచ లిపులన్నిటికీ పనికొచ్చేలా రాసినవి అవి. మంచి యూనికోడ్ ఫాంటు ఉంటే చాలు. ఒత్తు, గుడి, వట్రుసుడి వాటి చోట్లలో అవే కూర్చుంటాయి. అక్షరం దగ్గర నా ఓటు సందేహం లేకుండా గింప్‌కే.

అలంకారం దగ్గరికి వచ్చేసరికి తక్కెడ రెండో వైపుకి మొగ్గుతుంది, అదీ గట్టిగానే. ఫొటోషాప్‌లో నీడ, అంచుగీత, బంగారు మెరుపు, ఉబ్బు అన్నీ లేయర్ స్టైల్స్. అక్షరం కింద అక్షరంగానే ఉంటుంది, పైన అలంకారం దాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఉగాది సంచికకు చేసిన హెడర్‌లో ‘ఉగాది’ని ‘దీపావళి’గా మార్చితే నీడా మెరుపూ కొత్త అక్షరాలకు వాటంతటవే సర్దుకుంటాయి. గింప్‌లో చాలా ఏళ్లు ఇది కుదరలేదు. నీడ వేరే లేయర్‌గా పడేది. మాట మార్చితే పాత మాట నీడ కిందే మిగిలేది. అక్షరం మీద నేరుగా ఫిల్టర్ వేస్తే అది దిద్దడానికి వీల్లేని బొమ్మగా మారిపోయేది. ప్రతి పండక్కీ హెడర్ మార్చే పత్రికకు ఇది ఊరికే తలనొప్పి కాదు, మొదటినుంచి మళ్లీ చెయ్యడమే. 2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్ దీన్ని చాలావరకు సరిదిద్దింది. ఫిల్టర్లు ఇప్పుడు లేయర్ మీద విడిగా నిలుస్తాయి, నీడ వేశాక కూడా మాట మార్చుకోవచ్చు. అయినా ఫొటోషాప్ స్టైల్స్‌లో ఉన్న సౌలభ్యం, ఒక లేయర్ సింగారాన్ని ఇంకో లేయర్‌కు చిటికెలో కాపీ చేసే సుళువు దీనికింకా పట్టుబడలేదు.

కానీ ఆ సౌలభ్యమే మన లిపికి చేటు చేస్తుంది. అంచుగీత మందం పెంచడానికి ఒక స్లయిడర్ జరిపితే చాలు కాబట్టి చెయ్యి ఆగదు. ‘ప’కు తలకట్టు విడిగా నిలుస్తుంది, ‘వ’కు ఒంటితో కలిసిపోతుంది. ఎర్రటి ‘ప’ చుట్టూ ముదురు కుంకుమ రంగు గీత మందంగా వేస్తే ఆ సందు పూడిపోయి, కాస్త దూరం నుంచి ‘వ’లా చదువుకుంటాం. ‘ద’కూ ‘ధ’కూ తేడా చెప్పే చిన్న గీత, ‘ప’ను ‘ఫ’ చేసే గీత, రెండూ నీడలో ములుగుతాయి. లాటిన్ అక్షరాలతో తీర్చిదిద్దిన పాఠాలు చూసి అవే అంకెలు తెలుగు మీద వేస్తే వచ్చే చిక్కు ఇది. అంచుగీత రంగు అక్షరం రంగుకు బాగా దూరంగా ఉండాలి, మందం అక్షరంలోని అతి సన్నని సందు కంటే తక్కువుండాలి. ఈ జాగ్రత్త రెండు సాఫ్ట్‌వేర్లలోనూ మనమే పడాలి, ఏదీ హెచ్చరించదు.

అక్షరాలను విల్లులా వంచేవాళ్లకు ఒక మాట. ఫొటోషాప్‌లో గీత వెంట రాసిన మాట దిద్దుకోదగ్గదిగానే ఉంటుంది. గింప్‌లో టెక్స్ట్‌ను గీత వెంట వంపితే అది వట్టి ఆకారమవుతుంది. ఏదైనా సరే, పైకి వంగిన విల్లు మీద అక్షరాల అడుగులు దగ్గరవుతాయి. ఇంగ్లీషులో అక్కడ దాదాపు ఏమీ ఉండదు, తెలుగులో ఒత్తులుంటాయి, అవి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. తెలుగు పేర్లను వంచకపోవడమే మేలని నా అభిప్రాయం.

అంచు అల్లికల్లో ఇద్దరూ సమ ఉజ్జీలు. పెడన కలంకారీ అచ్చులాంటి అంచుకు పట్టీ పొడవునా గీయనక్కరలేదు. ఒక్క అచ్చు సరిగ్గా అతికేలా గీస్తే మిగతాది బ్రౌజరే పునరావృతం చేస్తుంది. ఆ అతుకు కనబడకుండా గీయడానికి ఫొటోషాప్‌లో ప్యాటర్న్ ప్రివ్యూ, గింప్‌లో సిమెట్రీ పెయింటింగ్‌లోని టైలింగ్ పద్ధతి ఉన్నాయి.

ఎక్స్‌పోర్ట్‌లో గింప్ నిజాయితీ నాకు నచ్చింది. పసుపు మీద ఎర్ర అక్షరాలు మన పండగ హెడర్లలో సర్వసాధారణం. జేపీఈజీ రంగు వివరాన్ని వెలుగు వివరం కంటే ఎక్కువగా కుదిస్తుంది కాబట్టి సరిగ్గా ఆ అంచులే మసకబారతాయి. గింప్ 4:4:4 అనే ఎంపికను ఎదురుగా పెట్టి రంగును కుదించాలో వద్దో మననే అడుగుతుంది. ఫొటోషాప్ ఆ నిర్ణయం క్వాలిటీ అంకె వెనక దాచేస్తుంది.

ఇంతా చేసి ఆ పట్టీ ఫోన్లో ఏమవుతుందో చూడాలి. 2010 నాటి వర్డ్‌ప్రెస్ థీమ్ ట్వెంటీ టెన్ అడిగిన హెడర్ 940 పిక్సెళ్ల వెడల్పు, 198 ఎత్తు. గుడి పైన, ఒత్తు కింద పెట్టుకునే లిపికి ఆ ఎత్తే ఇరుకు. 360 పిక్సెళ్ల ఫోన్ తెర మీద అది 76 ఎత్తుకు నలుగుతుంది. 60 పిక్సెళ్ల అక్షరం 23కు దిగి ఒత్తు చుక్కలా మిగులుతుంది. బొమ్మలో కలిసిపోయిన అక్షరాన్ని స్క్రీన్ రీడర్ చదవలేదు. అందుకే వెబ్ అందుబాటు ప్రమాణాలు లోగోలను మినహాయించి, అక్షరాలను బొమ్మగా పెట్టవద్దంటాయి. హెడర్‌లో పత్రిక పేరు నిజమైన అక్షరాలుగానే ఉండాలని, బొమ్మ దాని వెనక నేపథ్యంగా ఆగాలని నేను గట్టిగా నమ్ముతాను. శీర్షికల కోసమే చేసినట్టుండే రామభద్ర లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఇలా చేసిన రోజున ఫొటోషాప్‌కున్న పెద్ద ఆధిక్యం, అంటే అక్షరం మీది సింగారం, అక్కరకు రాదు. నేపథ్యానికి గింప్ ధారాళంగా సరిపోతుంది.

ఒక్క చోట ఈ తీర్పు సడలించాలి. బాపు అక్షరాలు చూసి పెరిగిన పాఠకులకు చేత్తో రాసిన పేరంటే మక్కువ, ఆ వంపు ఏ ఫాంటూ ఇవ్వదు. దాన్ని కాగితం మీద నల్లసిరాతో పెద్దగా రాయించి, స్కాన్ చేసి, థ్రెషోల్డ్‌తో తెలుపు నలుపులుగా తేల్చి, సెలక్షన్‌ను పాత్‌గా మార్చాలి. ఫొటోషాప్‌లో మేక్ వర్క్ పాత్ అడిగే టాలరెన్స్‌ను 2 దగ్గర వదిలేస్తే సన్నని కొసలు మొద్దుబారతాయి, దాన్ని 1కి, ఇంకా కిందికి తగ్గించాలి. గింప్ అయితే ఆ పాత్‌ను నేరుగా ఎస్‌వీజీగా దాస్తుంది. దాన్ని ఇంక్‌స్కేప్‌లో తెరిచి అక్కరలేని బిందువులు తీసేసి, సైట్లో పెట్టేటప్పుడు ఆల్ట్ పాఠంలో పత్రిక పేరు తెలుగులో రాస్తే, ఆ చేతిరాత ఫోన్లోనూ టీవీ మీదా ఒకే పదునుతో నిలుస్తుంది, కంటితో చూడలేని పాఠకుడికీ పేరు వినిపిస్తుంది.