కర్త లోపించిన వాక్యం

వార్తాపత్రికను సాహిత్య విమర్శకుడు పట్టించుకోనక్కరలేదని మనలో ఒక అభిప్రాయం ఉంది. పొద్దున పుట్టి సాయంత్రానికి పొట్లాల కాగితమైపోయేదానికి విమర్శ ఎందుకని పండితులు అడుగుతారు. నేనీ వాదాన్ని అంగీకరించలేను. మన ప్రజల్లో అత్యధికులు చదువు మానేశాక చదివే వచనమంతా పత్రికల వచనమే. వినే వచనమంతా రేడియో, టెలివిజన్ల వచనమే. కావ్యం చదివేవారు పిడికెడుమంది. వార్త వినేవారు కోట్లమంది. ఆ కోట్లమంది ఆలోచనకు అచ్చుపోసే వాక్యం ఎట్లా తయారవుతున్నదో పరీక్షించడం అభ్యుదయ విమర్శకుని బాధ్యతల్లో మొదటిది కాకపోవచ్చుగాని, తప్పించుకోదగినది మాత్రం కాదు.

ప్రభుత్వ విధానాలకు ప్రచారం చేసిపెట్టడం వార్తాసాధనాలకు కొత్త పని కాదు. 1948లో కేంద్ర ప్రభుత్వం ఫిల్మ్స్ డివిజన్‌ను నెలకొల్పింది. ఆ సంస్థ తీసిన వార్తాచిత్రాలను సినిమాకు ముందు ప్రదర్శించడం హాళ్ళవారికి లైసెన్సు షరతుగా ఉండేది. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో, నాలుగు వార్తాసంస్థలను కలిపి 'సమాచార్' అనే ఒకే సంస్థగా చేశారు; 1978లో మళ్ళీ విడదీశారు. ఇదంతా బాహాటమైన ప్రచారం. దానికొక సుగుణం ఉండేది: అది ప్రచారమని అందరికీ తెలుసు. న్యూస్‌రీలు ఆడుతున్నంతసేపూ జనం బయట సోడా తాగి, అసలు బొమ్మ మొదలయ్యాక వచ్చి కూర్చునేవారు.

ఈనాటి ప్రచారానికి అసలు బొమ్మకూ న్యూస్‌రీలుకూ మధ్య ఆ గీత లేదు. అబద్ధం అచ్చువేయడం వల్లనే ప్రచారం సాగుతుందని మనం అనుకుంటూ ఉంటాం. నా ఉద్దేశంలో అది సగం నిజమే. అసలు పని వేరేచోట జరుగుతున్నది. ప్రజల బాధను కూడా నిజాయితీగానే అచ్చువేసి, ఆ బాధను దాని కారణం నుంచి విడదీయడంలో ఉంది నేర్పంతా. 2016 నాటి పెద్దనోట్ల రద్దు దీనికి చక్కటి ఉదాహరణ.

ఆ సంవత్సరం నవంబరు 8 రాత్రి ప్రధానమంత్రి టెలివిజన్‌లో మాట్లాడి, అర్ధరాత్రి నుంచి 500, 1,000 రూపాయల నోట్లు చెల్లవని ప్రకటించారు. చెలామణిలో ఉన్న నోట్ల విలువలో నూటికి 86 వంతులు ఆ రెండు నోట్లదే. నల్లధనం, అవినీతి, దొంగనోట్లు, ఉగ్రవాదం - వీటిని అంతం చేయడం లక్ష్యమన్నారు. కొత్త 2,000 నోటు కొలత వేరు కావడంతో ఏటీఎం యంత్రాలన్నిటినీ సవరించవలసివచ్చింది. నవంబరు 14న జిల్లా సహకార బ్యాంకులు పాతనోట్లు పుచ్చుకోకూడదని ఆజ్ఞ వెలువడింది. అది డెల్టాలో సార్వా వరి కోతల కాలం, తెలంగాణలో పత్తి తీసే కాలం. కూలీకి సాయంత్రానికి డబ్బు కావాలి. రైతుకు ఖాతా ఉన్నది ఆ సహకార బ్యాంకులోనే.

ఈ కష్టం పత్రికల్లో రాలేదని ఎవరూ అనలేరు. వచ్చింది, ఫొటోలతో సహా వచ్చింది. అయితే ఏ వాక్యంలో వచ్చిందో చూడాలి.

కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదని మన విద్యార్థులందరూ చదువుకున్నదే. ఇంగ్లీషు పత్రిక కర్తను దాచదలిస్తే కర్మణి వాక్యాన్ని ఆశ్రయిస్తుంది. తెలుగు పత్రికకు ఆ అవసరం లేదు. దానికి అంతకంటె సున్నితమైన పనిముట్లు ఉన్నాయి. 'చేయు' ఉండవలసినచోట 'అగు' వేస్తే చాలు. నోట్లు రద్దు చేశారు అనేది నోట్లు రద్దయ్యాయి అవుతుంది. తలెత్తు, కలుగు, తప్పు, ఎదురగు - ఈ అకర్మక క్రియలన్నీ ఆ రోజుల్లో విరామం లేకుండా పనిచేశాయి. సమస్యలు తలెత్తాయి. జనానికి ఇబ్బంది కలిగింది. రైతులకు పాట్లు తప్పడం లేదు. 'కు' ప్రత్యయం తగిలించుకొని ప్రజలు బాధను స్వీకరించే పాత్రలైనారు. బాధ పెట్టినవాడు మాత్రం వాక్యంలో ఎక్కడా లేడు. ఎండలు ముదిరాయి, వానలు తగ్గలేదు అన్నట్టే చిల్లర కష్టాలు వచ్చాయి. విధానం వాతావరణమైపోయింది.

అదే పత్రిక మొదటిపేజీలో వ్యాకరణం మారిపోతుంది. అక్కడ ప్రధాని యుద్ధం ప్రకటించారు. నల్లకుబేరుల గుండెల్లో గుబులు పుట్టించారు. అవినీతిపై మెరుపుదాడి చేశారు. అక్కడ కర్త ఉన్నాడు, సకర్మక క్రియ ఉంది, వీరరసం ఉంది. ఆ సెప్టెంబరులో సరిహద్దు దాటి జరిగిన సైనికచర్య పేరు 'సర్జికల్ స్ట్రైక్'. రెండు నెలలు తిరగకుండా అదే మాటను నోట్ల రద్దుకు తగిలించారు. ఒక్కటే చర్య: దాని కీర్తికి కర్త ఉన్నాడు, దాని కష్టానికి కర్త లేడు. మా కళాశాలలో రెండవ సంవత్సరం విద్యార్థులకు ఆ నెల పత్రికలిచ్చి, ప్రతి శీర్షికలోనూ కర్తను గుర్తించమన్నాను. మొదటిపేజీ అరగంటలో ముగించారు. జిల్లా అనుబంధం దగ్గర ఒక అమ్మాయి లేచి, "ఇక్కడ అందరికీ ఏదో అయింది గాని ఎవరూ ఏమీ చెయ్యలేదండీ" అన్నది. నేను చేయదలచిన విమర్శ సారాంశం ఆ ఒక్క మాటలో ఉంది.

ఆ అమ్మాయి మాటలోనే మరొక సంగతి కూడా ఉంది: అది జిల్లా అనుబంధం. తెలుగు దినపత్రికలు జిల్లా పేజీలను విడదీయడం వల్ల ఊరి వార్తలకు చోటు దొరికిన మాట వాస్తవం. కాని ఆ ఏర్పాటే కష్టాన్ని ముక్కలు చేసింది. ఒక ఊళ్ళో బ్యాంకు ముందు సొమ్మసిల్లిన వృద్ధుని సంగతి పొరుగు జిల్లావానికి తెలియదు. పొగడ్త దేశవ్యాప్తం, బాధ స్థానికం. వెయ్యి ఊళ్ళ బాధను ఒకచోట పేర్చి చూస్తేగాని అది విధానఫలితమని తేలదు. ఆ పేర్చే పని పేజీల విభజనే అడ్డుకున్నది.

ఇక లక్ష్యం సంగతి. నవంబరు 8 ప్రసంగంలో నగదు రహిత సమాజం ఊసు లేదు. రద్దయిన నోట్లు బ్యాంకులకు వరదలా వచ్చిపడుతున్నకొద్దీ నల్లధనం మాట వెనక్కి తగ్గి, నగదు రహితం ముందుకు వచ్చింది. నవంబరు 27 నాటి రేడియో ప్రసంగానికి అదే ప్రధాన విషయమైంది. గమ్యం మారినప్పుడు ఎందుకు మారిందని అడగడం పత్రికల కనీస ధర్మం. అడిగినవి కొద్ది. తక్కినవి కార్డు ఎట్లా గీకాలో, ఫోనుతో డబ్బు ఎట్లా పంపాలో పాఠాలు మొదలుపెట్టాయి. మన రెండు రాష్ట్రాల్లో దీనికి అదనపు బలం తోడైంది. పెద్దనోట్లు రద్దు చేయమని అక్టోబరులోనే కేంద్రానికి లేఖ రాసిన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు, డిజిటల్ చెల్లింపులపై ఏర్పడిన ముఖ్యమంత్రుల సంఘానికి అధ్యక్షులైనారు. తెలంగాణలో సిద్దిపేట దగ్గరి ఇబ్రహీంపూర్‌ను నగదు రహిత గ్రామంగా ప్రకటిస్తే అది పతాకవార్త అయింది. అక్కడి దుకాణదారులు బ్యాంకువారి యంత్రాలకు అద్దె భరించలేక వాటిని తిరిగి ఇచ్చేశారన్న వార్త 2018లో వచ్చింది గాని దానికి పతాకం దక్కలేదు.

డిసెంబరు 31 ప్రసంగంలో ఈ కార్యక్రమమంతా 'శుద్ధియజ్ఞం' అయింది. సరిహద్దులో జవాను నిలబడగా లేనిది మీరు బ్యాంకు ముందు నిలబడలేరా అన్న మాట అప్పటికే ఊరూరా తిరుగుతున్నది. విధానాన్ని బేరీజు వేయడానికి కావలసినది లెక్క; యజ్ఞానికి కావలసినది భక్తి. యజ్ఞంలో ఫలితం రాకపోతే తప్పు మంత్రానిది కాదు, మన శ్రద్ధది. పైగా యజ్ఞమంటే ఒక యజమాని, కొందరు ఋత్విక్కులు, ఒక పశువు ఉంటారు. ఎవరు ఏ పాత్రలో ఉన్నారో వ్యాఖ్యాతలు చెప్పలేదు. వరసలో నిలబడ్డవారికి మాత్రం తెలియకపోలేదు.

ఎందుకిట్లా జరుగుతుందన్న ప్రశ్నకు మన మిత్రులు వెంటనే, పత్రికలు పెట్టుబడిదారులవి గనుక అంటారు. జవాబు సరైనదే గాని చాలదు. పత్రిక ధర దాని ఖర్చుకు సరిపోదు. ప్రకటనల ఆదాయం మీద అది బ్రతుకుతుంది. ప్రకటనదారుల్లో పెద్ద చెయ్యి ప్రభుత్వాలది. 2014 నుంచి నాలుగేళ్ళలో కేంద్రప్రభుత్వం ప్రచారానికి సుమారు 4,300 కోట్లు ఖర్చు చేసినట్టు సమాచారహక్కు దరఖాస్తుకు వచ్చిన జవాబు తెలిపింది. నోట్ల రద్దు ప్రకటించిన వెంటనే ఒక చెల్లింపుల కంపెనీ ప్రధాని బొమ్మతో పేజీనిండా అభినందన ప్రకటనలు వేసిన సంగతి కూడా పాఠకులకు జ్ఞాపకముండే ఉంటుంది. అత్యవసర పరిస్థితిలో కత్తెర సెన్సారు అధికారి చేతిలో ఉండేది. నేడది సంపాదకుని సొరుగులోనే ఉంది. ఇంతవరకు నిజమే. కాని చెప్పేవానికి డబ్బు ముట్టినంత మాత్రాన వినేవాడు నమ్మాలని లేదు. కోట్లమంది పేదలు, స్వయంగా బాధపడుతూ కూడా, ఎందుకు నమ్మారు?

నమ్మింది తమ కోపాన్ని. ఈ కథలో ప్రతినాయకుడు నోట్లకట్టలు పరుపుకింద దాచుకున్న ధనికుడు. నాకు కూలి పోతే పోయింది, వాడి గోతాలు చిత్తుకాగితాలైనాయి గదా అన్న తృప్తి పేదవానికి కలిగింది. ఆ కోపం న్యాయమైనది. 2016 మేలో తెలుగులో విడుదలై బాగా ఆడిన 'బిచ్చగాడు' చిత్రంలో ఒక యాచకుడు 500, 1,000 నోట్లు రద్దు చేయాలంటాడు. రద్దు తర్వాత ఆ దృశ్యం ఫోను నుంచి ఫోనుకు తిరిగింది. సినిమానే ఎందుకనాలి? యుద్ధకాలం నాటి నల్లబజారు మొదలు మన అభ్యుదయ కథల్లో ఎన్నిటిలో దోపిడీదారు అంటే ఇనప్పెట్టె, నోట్లకట్టలు, పెద్దపొట్ట కాలేదు? దోపిడీని సంబంధంగా చూపక మూటగా చూపిన ప్రతి కథా ఈ ప్రచారానికి తెలియకుండానే తెర కట్టిపెట్టింది. నల్లసంపదలో అధికభాగం నగదుగా కాక భూములు, భవనాలు, బంగారం రూపంలో ఉంటుందని నవంబరు 8 సాయంత్రం సమావేశమైన రిజర్వుబ్యాంకు డైరెక్టర్లే గుర్తుచేశారు. ఆ సమావేశపు నివేదిక పూర్తిపాఠం సమాచారహక్కు ద్వారా 2019లోగాని బయటికి రాలేదు.

ఫలితం తేలిన రోజున ఏం జరిగింది? 15.41 లక్షల కోట్ల పాతనోట్లలో 15.31 లక్షల కోట్లు, అంటే నూటికి 99.3 వంతులు, తిరిగి వచ్చాయని 2018 ఆగస్టులో రిజర్వుబ్యాంకు నివేదిక చెప్పింది. మురిగిపోవలసిన నల్లధనం మురిగిపోలేదు. రద్దుకు ముందు 18 లక్షల కోట్లకు చేరువలో ఉన్న నగదు చెలామణి 2022లో 30 లక్షల కోట్లు దాటింది. ఫోను చెల్లింపులు విపరీతంగా పెరిగిన మాట నిజమే; దానితోపాటు నగదూ పెరిగింది. 2,000 నోటును ఉపసంహరిస్తున్నట్టు 2023 మేలో ప్రకటించారు. అదే సంవత్సరం జనవరి 2న సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో రద్దును సమర్థించింది. జస్టిస్ నాగరత్న విభేదించారు. లక్ష్యం నెరవేరిందా అన్నది తమ ముందున్న ప్రశ్న కాదని మెజారిటీ తీర్పే చెప్పింది. కాని అనేక శీర్షికలు చదివినవానికి విధానమే పరీక్షలో నెగ్గిందన్న భావం కలిగింది. వీరగాథకు మొదటిపేజీ, లెక్కకు లోపలిపేజీ.

ప్రభుత్వం చేసేది ప్రజలకు వివరించి చెప్పడం పత్రికల ధర్మం కాదా అని ఎవరైనా అడగవచ్చు. తప్పకుండా ధర్మమే. వరసలో నిలబడ్డవానికి ఏ నోటు ఏ తేదీవరకు చెల్లుతుందో చెప్పిన విలేకరి గొప్ప సేవ చేశాడు. వివరణకూ ప్రచారానికీ భేదం తెలుసుకోవడానికి ఒక్క పరీక్ష చాలు: మొదటిరోజు చెప్పిన లక్ష్యాన్ని చివరిరోజు జ్ఞాపకముంచుకొని అడిగిందా, లేదా? అడిగినది వివరణ, మరచినది ప్రచారం. ఆ పరీక్షలో నెగ్గిన విలేకరులు, పత్రికలు కొన్ని ఉన్నాయి. వారిని కూడా తక్కినవారితో కలిపి తిట్టడం మన అలవాటు, అది మానుకోవాలి.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నేను చేసే మనవి ఒకటే. ఛందస్సులో గణవిభజన నేర్పినంత శ్రద్ధగా వార్తలో కర్తను వెదకడం నేర్పుదాం. 'ధరలు పెరిగాయి' అని ఉన్నచోట ఎవరు పెంచారని, 'భూమి సేకరణ జరిగింది' అని ఉన్నచోట ఎవరి భూమి ఎవరు తీసుకున్నారని, 'ఉద్యోగాలు పోయాయి' అని ఉన్నచోట ఎవరు తీసేశారని అడగడం ప్రతి తరగతిగదిలోనూ సాధ్యమే. దానికి ప్రభుత్వ అనుమతి అక్కరలేదు, ప్రత్యేక గ్రంథాలూ అక్కరలేదు; ఆనాటి పత్రిక ఒకటుంటే చాలు. కర్త లోపించిన వాక్యాన్ని పూరించగలిగిన పాఠకుడు, తన బాధకు కారణమైనవారిని తెలుసుకోవడంలో మొదటి మెట్టు ఎక్కినట్టే.