వేడి ఎక్కడ ఆగిపోతోంది?

కంపెనీ కారు వేడెక్కితే మెకానిక్‌కి ఒక దారి ఉంటుంది. అలాంటివే వేలాది బండ్లు తిరుగుతుంటాయి కాబట్టి ఏ మోడల్‌కి ఏ జబ్బో అతనికి ముందే తెలుసు. ఇంట్లో కట్టుకున్న కారుకు ఆ వీలు లేదు. ఇంజిన్ ఒక బండిది, రేడియేటర్ ఇంకో బండిది, ఫ్యాన్ పాత సామాన్ల కొట్లోంచి తెచ్చింది, మీటరు ఎక్కడిదో. లోకంలో అలాంటి కారు అదొక్కటే. అది ఎందుకు మరుగుతోందో తేల్చుకోవాల్సింది దాన్ని కట్టినవాళ్లే.

ఇలా ఇంట్లో కారు కట్టుకునే సంప్రదాయం బ్రిటన్‌లో బాగా వేళ్లూనుకుంది. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ కారుని లోటస్ వ్యవస్థాపకుడు కాలిన్ చాప్‌మన్ విడిభాగాల కిట్‌గా కూడా అమ్మాడు. తయారైన కారు మీద పడే కొనుగోలు పన్ను కిట్ మీద పడేది కాదు. 1973లో వ్యాట్ వచ్చి ఆ వెసులుబాటు పోయింది. అదే ఏడాది సెవెన్ హక్కులు కేటర్‌హామ్ కంపెనీ చేతికి వెళ్లాయి. కట్టుకునే అలవాటు మాత్రం పోలేదు. 250 పౌండ్లతో సొంత స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చంటూ 1996లో రాన్ చాంపియన్ రాసిన పుస్తకం చూసి ఎంతోమంది పాత ఫోర్డ్ ఎస్కార్ట్ కొని, ఇంజిన్, గేర్‌బాక్స్, యాక్సిల్ విప్పి తీసి, చదరపు ఇనప గొట్టాలతో సొంతంగా చాసిస్ వెల్డింగ్ చేసుకున్నారు. ఈ కార్లకు 'లోకాస్ట్' అని పేరు.

కారు కదిలాక చాలామందికి ఎదురయ్యే మొదటి పరీక్ష వేడే. పెట్రోలులోని శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే పనికొస్తుంది. దాదాపు అంతే సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగాన్ని నీళ్లు మోసుకెళ్లి రేడియేటర్ దగ్గర గాలికి అప్పగించాలి. కాబట్టి అడగాల్సినవి మూడే: వేడి ఎక్కువ పుడుతోందా? నీళ్లు మోయడం లేదా? గాలి అందుకోవడం లేదా?

వీటన్నిటికంటే ముందు, అసలు వేడెక్కిందా అన్నది చూసుకోవాలి. పాత బ్రిటిష్ కార్లలోని స్మిత్స్ మీటర్లు 10 వోల్టుల స్టెబిలైజర్ మీద పనిచేస్తాయి. దానికి ఎర్త్ సరిగా అందకపోతే ముల్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఫైబర్‌గ్లాస్ బాడీ కరెంటును పోనివ్వదు కాబట్టి కిట్ కార్లలో ఈ తంటా మరీ ఎక్కువ. పెట్రోలు ముల్లు కూడా అదే వంతున పైకి ఎగబాకి ఉంటే అనుమానించాల్సింది రేడియేటర్‌ని కాదు, ఎర్త్ వైరుని. ఒక కంపెనీ మీటరుకి ఇంకో కంపెనీ సెన్సర్ తగిలించినా ఇదే గోల. సెన్సర్‌ని విప్పి, వైర్లు తగిలించి, మరిగే నీళ్లలో ముంచితే మీటరు నిజం చెబుతోందో లేదో తేలిపోతుంది.

వేడి నిజమే అయితే, ఎప్పుడెక్కుతోంది? ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు ఎక్కి, రోడ్డు మీద వేగం అందుకోగానే దిగితే ఫ్యాన్ వైపు చూడాలి. ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కి రెండు వైర్లు తారుమారైతే అది వెనక్కి తిరుగుతుంది. శబ్దం మామూలుగానే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రేడియేటర్ వెనక ఫ్యాన్ ఉన్న బండిలో ముందువైపు ఒక కాగితం పెట్టి చూడండి. అతుక్కోవాలి. ఎగిరిపోయిందంటే వైర్లు మార్చుకోవాలి.

వేగంలో వేడెక్కే బండితోనే అసలు పని. ఇక్కడ నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది రేడియేటర్ పై గొట్టానికీ కింది గొట్టానికీ వేడిలో ఉన్న తేడాని. పైది సలసల కాగుతూ, కిందిది చల్లగా ఉంటే నీళ్లు సరిగా తిరగడం లేదు. రెండూ దాదాపు ఒకే వేడిలో ఉంటే నీళ్లు తిరుగుతున్నాయి, గాలి వేడిని తీసుకోవడం లేదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది. అయితే మెరిసే అల్యూమినియం మీద అది తక్కువ చూపిస్తుంది. అక్కడ నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవాలి.

గాలి తీరు తెలుసుకోవడానికి ఓపిక కావాలి. సన్నటి రెక్కల మధ్య నుంచి దూరి పోవడం గాలికి కష్టం, పక్కనున్న సందులోంచి జారుకోవడం సులువు. బండి ముక్కులోంచి లోపలికొచ్చిన గాలి రేడియేటర్ పక్కనుంచి, పైనుంచి తప్పుకుపోతే ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా దండగే. ముక్కు రంధ్రం నుంచి రేడియేటర్ అంచుల దాకా పల్చటి అల్యూమినియం రేకుతో దారి కట్టి, సందుల్లో ఫోమ్ కుక్కాలి. చాలామంది మరిచేది ఇంకోటి: లోపలికొచ్చిన గాలి బయటికి కూడా పోవాలి. బానెట్ మీద ఊలు దారం ముక్కలు టేపుతో అంటించి, పక్క బండిలోంచి వీడియో తీస్తే గాలి ఏ చోట బయటికి లాగుతోందో, ఎక్కడ లోపలికి నెడుతోందో కంటికి కనిపిస్తుంది. ముందు అద్దం కింది భాగంలో గాలి ఒత్తిడి ఎక్కువ. అందంగా ఉందని అక్కడ చీలికలు కోస్తే వేడి గాలి బయటికి పోవడానికి బదులు బయటి గాలి లోపలికి తోసుకొస్తుంది.

నీళ్లు తిరగకపోతే మొదట చూడాల్సింది లోపల గాలి పట్టిందేమో అని. ఇంజిన్ వెనకా, రేడియేటర్ ముందూ ఉన్న బండిలో నేల కింద పొడవాటి గొట్టాలుంటాయి, అవి ఎత్తెక్కిన ప్రతిచోటా బుడగ చేరుతుంది. నీళ్లు పోసే ట్యాంకు మొత్తంలో అన్నిటికంటే ఎత్తున ఉండాలి. బండి ముందు భాగాన్ని జాకీ మీద లేపి, గొట్టాలు పిసుకుతూ, నెమ్మదిగా నింపాలి. పంపు పీల్చే వైపున్న కింది గొట్టం మెత్తబడి ఉంటే, ఇంజిన్ జోరందుకోగానే చప్పిడిగా నొక్కుకుపోయి దారి మూసేస్తుంది. బండి ఆపి చూస్తే మళ్లీ గుండ్రంగానే ఉంటుంది. అందుకే ఆ గొట్టంలో స్ప్రింగు పెడతారు.

థర్మోస్టాట్ సంగతి మన మెకానిక్ షెడ్లకూ బాగా తెలిసిందే. 'మన ఎండలకి అదెందుకు, పీకేద్దాం' అంటారు. నేను ఒప్పుకోను. కొన్ని ఇంజిన్లలో అది తెరుచుకుంటూనే బైపాస్ దారిని మూస్తుంది. తీసేస్తే ఆ దారి తెరిచే ఉండి, కొంత నీరు రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజిన్లోకి తిరిగొస్తుంది. పీకే ముందు గిన్నెలో నీళ్లు కాచి, దారంతో దాన్ని వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి చూడాలి. 82 డిగ్రీలని ముద్ర ఉంటే ఆ దరిదాపుల్లో తెరుచుకోవడం మొదలవ్వాలి. రేడియేటర్ మూత కూడా చిన్న విషయం కాదు. కుక్కర్ విజిల్ బరువులాగే ఒత్తిడి నిలబెడుతుంది. ఒక బార్ మూత ఉంటే మామూలు నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. అందుకే వేడి మీద ఆ మూత తీయకూడదు.

ఇవన్నీ సరిగా ఉంటే వేడి ఇంజిన్లోనే ఎక్కువగా పుడుతోందన్నమాట. ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడిందా, మిక్చర్‌లో పెట్రోలు తగ్గిందా చూడాలి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలోపే గొట్టాలు రాయిలా బిగుసుకుంటే హెడ్ గాస్కెట్‌ని అనుమానించాలి. నీళ్ల ట్యాంకు మూతి దగ్గర పెట్టే పరీక్షలో నీలిరంగు ద్రవం పసుపుగా మారితే సిలిండర్‌లో కాలిన వాయువు నీళ్లలోకి చేరుతోందని అర్థం.

రేడియేటర్, పంపు, థర్మోస్టాట్ ఒకే ఆదివారం మార్చేస్తే బండి బాగుపడొచ్చు, జబ్బేమిటో మాత్రం తెలియదు. ఒక్క మార్పు చేసి, అదే రోడ్డు మీద, అదే వేగంలో నడిపి, ఆ రోజు ఎండతో సహా డిగ్రీలు రాసుకోవాలి. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ కోసం సామాన్ల రసీదులు, ఫోటోలు ఎలాగూ ఫైలుగా దాచుకుంటారు. ఈ కాగితాలూ అందులోనే ఉండాలి. రేపు ఆ బండి కొనే మనిషికి కంపెనీ మాన్యువల్ దొరకదు, ఈ ఫైలే దొరుకుతుంది.