నడక ముందు, బాణీ తర్వాత

పాటలకు బాణీలు కట్టేవాళ్ళు ఇద్దరు ఒకచోట చేరితే కాసేపటికి వాదన అక్కడికే వస్తుంది: మాట ముందా, ట్యూను ముందా? సినిమావాళ్ళలో ఎక్కువమంది ట్యూనే ముందంటారు. సంగీత దర్శకుడు తననన అని వినిపిస్తే కవి అందులోకి మాటలు సర్దుతాడు. నాలాగా లలిత గీతాలతో కాలక్షేపం చేసేవాళ్ళం మాత్రం సాహిత్యం చేతికి రానిదే హార్మోనియం తెరవం. ఈ తగవు ఇప్పట్లో తెగేది కాదు గానీ, 1900లో లండన్‌లో కన్నుమూసిన ఒక సంగీతకర్త దీనికి మూడో జవాబు చెప్పి వెళ్ళాడు. ఈ వారం ఆయన ముచ్చట.

ఆర్థర్ సలివన్ 1842లో లండన్‌లోని లాంబెత్‌లో పుట్టాడు. తండ్రి శాండ్‌హర్స్ట్ మిలిటరీ కాలేజీలో బ్యాండు మాస్టరు. పిల్లవాడు ఎనిమిదేళ్ళ వయసుకే ఆ బ్యాండులోని వాయిద్యాలన్నీ దాదాపుగా పట్టేశాడు. మొట్టమొదటి మెండెల్సన్ స్కాలర్‌షిప్ ఆయనదే. ఆ డబ్బుతో జర్మనీలోని లైప్‌జిగ్‌లో చదివి వచ్చాడు. షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’ నాటకానికి కూర్చిన సంగీతం 1862లో క్రిస్టల్ ప్యాలెస్‌లో వినిపించేసరికి ఇరవై నిండకుండానే లండన్ అంతా పేరు మోగిపోయింది. సింఫనీలు, చర్చి సంగీతం, పెద్ద పెద్ద బృందగానాలు... దారి అటే అనుకున్నారు అందరూ. ఆయనా అదే అనుకున్నాడు.

దారి మళ్ళించింది డబ్ల్యూ.ఎస్. గిల్బర్ట్. లాయరు చదువు చదివి, హాస్య పద్యాలు రాసుకునే మనిషి. 1875లో ‘ట్రయల్ బై జ్యూరీ’ రాసుకొచ్చి సలివన్‌కు చదివి వినిపించాడట. చదివేకొద్దీ తన రాత మీద తనకే విసుగెక్కినట్టు ముఖం మాడ్చుకుని, అయిపోగానే కాగితాలు దబ్బున మూసేశాడు. ఎదురుగా సలివన్ పడీపడీ నవ్వుతున్న సంగతి ఆయన గమనించనేలేదు. ఆ నవ్వుతో నిలదొక్కుకున్న జోడీ 1896 దాకా, మధ్యలో ఒక పెద్ద తెగతెంపులతో, సాగింది. ‘పినఫోర్’ 571 ఆటలు ఆడింది, ‘మికాడో’ 672. నిర్మాత డాయ్‌లీ కార్ట్ వీళ్ళ నాటకాల కోసమే 1881లో సవాయ్ థియేటర్ కట్టించి దానికి కరెంటు దీపాలు పెట్టించాడు. ఒక ప్రజాభవనం మొత్తాన్ని విద్యుద్దీపాలతో వెలిగించడం ప్రపంచంలో అదే మొదలు. మధ్యలో మాటలు, మధ్యలో పాటలు, నవ్వుకోడానికి రాసిన కథ: వీటిని ఆపరెట్టాలంటారు. వాళ్ళు మాత్రం కామిక్ ఆపెరా అనే అనుకునేవాళ్ళు.

సరే, ఆ మూడో జవాబు. చివరి రోజుల్లో తన జీవితచరిత్ర రాస్తున్న ఆర్థర్ లారెన్స్‌కు సలివన్ తన పనితీరు విప్పి చెప్పాడు. గిల్బర్ట్ దగ్గర్నించి పాట రాగానే ఆయన బాణీ జోలికి వెళ్ళడు. ముందు నడక తేల్చుకుంటాడు. కాగితం మీద చుక్కలూ గీతలూ పెట్టుకుంటూ, ఏ అక్షరం పొట్టిగా పోవాలి, ఏది నిలవాలి, ఏది తాళం దెబ్బ మీద పడాలి అని చూస్తాడు. లఘువులూ గురువులూ గుర్తులు పెట్టుకుని పద్యం నేర్చుకున్న మనకు ఆ కాగితం కొత్తగా అనిపించదు. కాకపోతే ఆయన గుర్తులు పెట్టింది పద్యం ఎలా ఉందో చూడ్డానికి కాదు. ఇంకెన్ని రకాలుగా నడవగలదో చూడ్డానికి.

దీని విలువ చేసి చూసినవాడికే తెలుస్తుంది. ఖండగతిలో రాసిన గేయం ఇస్తే మన చెయ్యి దానంతటదే ఖండచాపు వేసేస్తుంది. ఛందస్సే తాళమైపోతుంది. పాట తప్పు లేకుండా వస్తుంది, కానీ కవి ఇంట్లో కూచుని గడగడా చదువుకున్నట్టే ఉంటుంది తప్ప ఒక మనిషి ఇంకొకరితో అంటున్నట్టుండదు. గిల్బర్ట్ పద్యాలతో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. వాటి ఛందస్సు అంత నున్నన. వచ్చిన నడకలోనే పోతే సవాయ్‌లో పాటలన్నీ ఒకే గుర్రం మీద దౌడు తీసేవి.

సలివన్ లారెన్స్‌కు ఉదాహరణగా చూపించింది 1888 నాటి ‘యోమెన్ ఆఫ్ ది గార్డ్’లో ఫీబీ పాట. కథాస్థలం టవర్ ఆఫ్ లండన్, ఖైదీల కోట. ఫీబీకి జైలరు మీద ప్రేమా దోమా ఏమీ లేదు. వాడి మొలకు వేలాడే తాళంచెవులు కావాలి. నీ పెళ్ళాన్నయితే ఎంత బాగా చూసుకుందునో అని ఊరిస్తూ పాడుతుంది. పాడుతూనే తాళంచెవులు లాగి తండ్రికి అందిస్తుంది, పని కాగానే మళ్ళీ యథాస్థానంలో పెట్టేస్తుంది. ఆఖర్న ఆ ఊహనంతా ఒక్క ముక్కతో తుడిచేసి చక్కా పోతుంది. గిల్బర్ట్ రాసిన పాదాలేమో చాలా చిన్నవి, పాదం తర్వాత పాదం ఒకే అంత్యప్రాస. ప్రాస దగ్గరల్లా ఆగితే పాట కుంటుతుంది. ఆగకుండా పరిగెత్తితే ఊరింపు పోతుంది, జైలరు మత్తులో పడడు, చెవులు చేతికి రావు. అందుకే సలివన్ నడక మీద నడక రాసి కొట్టేసుకుంటూ పోయాడు. ఒక్క స్వరం పుట్టకముందే ఇంత పని జరిగింది. పాట విన్నవాడికి ఇదేమీ కనపడదు. ఆ అమ్మాయికి అప్పటికప్పుడు నోటికొచ్చినట్టే ఉంటుంది.

అదే నాటకంలో విదూషకుడి పాట ఒకటి ఆయన్ను బాగా తిప్పలు పెట్టింది. చరణం చరణానికీ పాదాలు పెరుగుతూ పోయే పాట అది. ఎటు తిప్పినా లొంగలేదు. చివరికి కవినే అడిగాడు, రాసేటప్పుడు నీ మనసులో ఏదైనా పాట మెదిలిందా అని. గిల్బర్ట్‌కు స్వరజ్ఞానం సున్నా. అయినా తన పడవ మీద నావికులు పాడుకునే పాటొకటి కూనిరాగం తీశాడు. సలివన్‌కు అంతే చాలింది. ఇప్పుడా పాట వింటే కింద తంబూరా శ్రుతిలా ఒకే స్వరం మోగుతూ ఉంటుంది, పైన కథ పోగుపడుతూ ఉంటుంది. నా మటుకు నాకు సలివన్ పాటలన్నిటిలోకీ అదే ఇష్టం.

ఇంతటి పనివాడు ఈ పనిని చిన్నచూపు చూశాడు. 1883లో సర్ బిరుదు వచ్చింది. వచ్చిందే తడవు, సర్ అయినవాడు ఇంకా ఈ వేళాకోళాలకు సంగీతం కట్టడమేమిటని పత్రికల్లో గొణుగుడు. అది ఆయన మనసులోని మాటే. మరుసటి ఏడు కార్ట్‌తో తేల్చి చెప్పాడు, ఇక ఇలాంటివి నా వల్ల కాదని. మాట ఒక్కటి కూడా వినపడకుండా పోకూడదని ఎప్పుడూ సంగీతాన్ని అణుచుకుంటూ రావలసి వచ్చిందన్నది ఆయన ఫిర్యాదు. తర్వాత మెత్తబడి ‘మికాడో’ చేశాడనుకోండి, బాధ మాత్రం పోలేదు. నాకైతే ఆ ఫిర్యాదు ఆయనకు దక్కగలిగిన పెద్ద మెప్పులా వినిపిస్తుంది. ‘అయొలాంతి’లో లార్డ్ ఛాన్సలర్ పీడకల పాట తీసుకోండి. నిద్రపట్టనివాడి గోల, ఊపిరి తిప్పుకోనివ్వని మాటల వరద. మొదట పాడిన జార్జ్ గ్రాస్‌స్మిత్‌ది పెద్ద గాత్రం కాదు. పియానో ముందు కూచుని జనాన్ని నవ్వించేవాడు. ఆ గొంతు మీద ఆర్కెస్ట్రా పడితే మాట మునిగిపోతుంది. అందుకని వాయిద్యాలన్నీ కిందెక్కడో మెండెల్సన్ తరహాలో సన్నగా గుసగుసలాడుతూ పోతాయి. వేదిక కింద గుంటలో ఉన్నదీ చిన్న మేళమే. చాలా నాటకాల్లో ఓబో ఒకటి, బసూన్ ఒకటి. ఆ కాస్తలోనే చిలిపితనాలు చేశాడు. ‘మికాడో’లో చక్రవర్తి బాఖ్ పేరెత్తగానే క్లారినెట్టూ బసూనూ బాఖ్ ఫ్యూగ్ ముక్క ఒకటి అందుకుంటాయి. తెలిసినవాడు నవ్వుకుంటాడు, తెలియనివాడికి లోటు లేదు.

అణుచుకోనక్కర్లేని అవకాశమూ వచ్చింది. గ్రాండ్ ఆపెరా రాయమని విక్టోరియా రాణే చెప్పింది. 1890లో థియేటర్‌కు కొన్న తివాచీ ఖర్చు దగ్గర గిల్బర్ట్‌తో కోర్టుకెక్కేంత రగడ అయింది. అలా జోడీ విడిపోయాక, మరుసటి ఏడు కార్ట్ కట్టిన కొత్త ఆపెరా హౌస్‌లో ‘ఐవన్‌హో’ దిగింది. 155 రాత్రులు వరసగా ఆడింది. గంభీరమైన ఆపెరాకు అది మామూలు విషయం కాదు. కానీ తర్వాత దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. నేను రికార్డింగు విన్నాను. ఆర్కెస్ట్రా గొప్పగా ఉంది, బాణీలూ ఉన్నాయి. ఎదురుగా పట్టుకుని పోట్లాడ్డానికి పద్యం లేదు. దానికి జూలియన్ స్టర్జిస్ రాసిన మాటలు సలివన్‌కు ఎక్కడా అడ్డం తగలవు. అడ్డం తగిలేవాడు లేకపోతే ఈయన చెయ్యి నడక వెతకడం మానేస్తుందని నాకనిపించింది.

మూత్రపిండాల జబ్బుతో ‘పినఫోర్’ నాటినుంచీ నొప్పి భరిస్తూనే రాసిన మనిషి, 1900 నవంబర్ 22న, 58వ ఏట పోయాడు. సంగీతానికి అధిదేవత అనుకునే సెయింట్ సిసీలియా పండగ రోజది.

నా వాదానికి గండి కొట్టే సంగతి ఒకటుంది, దాచను. సలివన్ సంగీతం మీద కాపీరైట్ 1950తో తీరిపోయింది. గిల్బర్ట్ 1911 దాకా బతికాడు గనక ఆయన మాటల మీద హక్కు 1961 దాకా నడిచింది. అంటే కొన్నేళ్ళపాటు బాణీలు ఎవరైనా వాడుకోవచ్చు, మాటలు ముట్టుకోకూడదు. 1951లో చార్లెస్ మకెరాస్ అనే సంగీతకారుడు ఆ సందులోంచి దూరి, సలివన్ బాణీలు గుదిగుచ్చి ‘పైనాపిల్ పోల్’ అనే బ్యాలేకు సంగీతం సమకూర్చాడు. ఒక్క మాట లేదు. అయినా బ్రహ్మాండంగా నిలబడింది, ఈనాటికీ ఆడుతున్నారు. మాటకు ఇంత ఊడిగం చేసిన బాణీ మాట లేకుండా ఎలా నిలిచింది? నాకు తోచిన జవాబు ఒక్కటే. మాటలు తీసేసినా వాటి నడక బాణీలోనే ఉంది, డ్యాన్సర్ల కాళ్ళకు కావలసింది ఎటూ అదే. సంగీతం బాగా తెలిసినవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు.

వినాలనిపిస్తే అందరూ చెప్పే ‘మికాడో’తో మొదలెట్టకండి. బాణీలు అందులోనే గొప్పగా ఉన్నాయి, నిజమే. కానీ జపాన్‌వాళ్ళ వేషాలు వేసుకుని ఇంగ్లీషువాళ్ళు ఆడిన ఆట అది. ఆ వేషాల మీద నిరసన వచ్చి 2015లో న్యూయార్క్‌లో ఒక బృందం ప్రదర్శనే మానుకుంది. ‘యోమెన్’ పెట్టుకోండి. పాటల పుస్తకం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఫీబీ పాట ముందు పైకి చదివి, మీకు తోచిన తాళం వేసుకుని, ఆ తర్వాతే రికార్డు వినండి.