ఎవరా ప్రేక్షకురాలు?

ఈ ఏడాది మా యూనివర్సిటీలో ఎం.ఏ. వాళ్లకి మీడియా స్టడీస్ పేపరు కొత్తగా పెట్టారు. నేను చదువుకున్నది సాహిత్యం. నవలని చదివినట్టే సినిమానీ, సీరియల్‌నీ చదవొచ్చు కదా అన్న ధైర్యంతో నేనే చెప్తానన్నాను. మొదటిరోజు పాఠం జోలికి పోకుండా, ‘తెలుగు సీరియల్స్ ఎవరు చూస్తారు?’ అని అడిగాను. ‘మా అమ్మ’, ‘మా నాయనమ్మ’, ‘మా వదిన’, ‘పనీపాటా లేని ఆడవాళ్లు’... ఇవీ జవాబులు. ‘నేను చూస్తాను’ అని ఒక్కరూ అనలేదు. కాసేపటికి మాట కథల మీదికి మళ్లితే మాత్రం ఏ కోడలికి ఎవరు విషం పెట్టారో సగం క్లాసుకి తెలుసు.

అందరం నవ్వుకున్నాం. ఇంటికొచ్చాక ఆ నవ్వు నన్ను ఇబ్బంది పెట్టింది. ప్రేక్షకులంటే మనం కాదు, ఇంకెవరో. ఆ ఇంకెవరో ఎప్పుడూ ఒక ఆడమనిషి, మనకంటే తక్కువ తెలిసినది. విద్యార్థుల్ని అనడానికేముంది? నా సిద్ధాంతవ్యాసమూ చేసింది ఇదే.

1960, 70 దశకాల్లో వారపత్రికల్లో, మాసపత్రికల్లో సీరియల్స్‌గా వచ్చిన రచయిత్రుల నవలల మీద నేను పరిశోధన చేశాను. కారున్న నాయకుడు, ఆత్మాభిమానమున్న పేద నాయిక, చివరికి పెళ్లి. ఈ నవలలు పాఠకురాలిని పితృస్వామ్యంతో రాజీపరిచి నిద్రపుచ్చుతాయని ఒక అధ్యాయమంతా రాశాను. ‘పాఠకురాలు’ అన్న మాట ఆ అధ్యాయంలో పేజీపేజీకీ ఉంది. నేను ఏ పాఠకురాలితోనైనా మాట్లాడిన దాఖలా లేదు. డిగ్రీ వచ్చాక మా పిన్ని, ‘ఏమే, ఇంతకీ మా నవలల గురించి ఏం రాశావ్?’ అని అడిగితే చెప్పాను. ‘నిద్రా! పిల్లల్ని పడుకోబెట్టి, అంట్లు తోముకుని, రాత్రి రెండింటిదాకా మేలుకుని చదివేదాన్నే. లైటు ఆర్పమని మీ బాబాయి ఒకటే కేకలు’ అంది. పత్రికల్లోంచి పేజీలు చింపి, దారంతో కుట్టి, పాత క్యాలెండరు కాగితం అట్ట వేసుకున్న ఆ నవలలు ఇప్పటికీ ఆవిడ పెట్టెలో ఉన్నాయి.

లారా మల్వీ 1975లో సినిమా చూపు పురుషుడి చూపు అన్నప్పుడు, ఆమె మాట్లాడింది హాల్లో కూర్చున్న మనుషుల గురించి కాదు, సినిమా తనకోసం తయారుచేసుకునే ప్రేక్షకస్థానం గురించి. ఆ తేడా పుస్తకంలో చదివినంత తేలిగ్గా రాతలో నిలబడదు. పాఠ్యం కల్పించిన స్థానాన్నే బతికున్న మనిషిగా పొరబడ్డాను. నేను చెయ్యని పనిని జానిస్ రాడ్‌వే చేసింది. అమెరికాలో ఒక ఊరి పుస్తకాల షాపు చుట్టూ చేరిన రొమాన్స్ పాఠకురాళ్లతో మాట్లాడి 1984లో పుస్తకం రాసింది. వాళ్లు ముందు చెప్పింది కథ గురించి కాదు, చదివే సమయం గురించి. మొగుడూ పిల్లలూ తమని ఏమీ అడగని సమయం అది. మా పిన్ని లైటు గొడవ కూడా అదే.

ఈ సమయాన్ని మార్కెట్ ఎలా లెక్కిస్తుందో రెండో క్లాసులో చూశాం. మన దేశంలో 2015 నుంచి టీవీ రేటింగులిస్తున్న బార్క్ సంస్థ ఎంపిక చేసిన ఇళ్లలో మీటర్లు పెడుతుంది. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో బటన్. చూడ్డానికి కూర్చుంటే నొక్కాలి, లేచినప్పుడు మళ్లీ నొక్కాలి. హాల్లో టీవీ పెట్టి, వంటింట్లో పోపు వేస్తూ చెవితో సీరియల్ చూసే మా అమ్మ ఏ బటన్ నొక్కాలి? బ్రిటన్‌లో డొరొతీ హాబ్సన్ ‘క్రాస్‌రోడ్స్’ సీరియల్‌ని ప్రేక్షకుల ఇళ్లలోనే కూర్చుని చూసి 1982లో రాసిన పుస్తకంలో కూడా వంటపనుల మధ్య సగం చూస్తూ, సగం వింటూ ఉండే ఆడవాళ్లు కనిపిస్తారు. మనం వెక్కిరించే ఆ ఉరుముల చప్పుళ్లు, మూడేసిసార్లు తిప్పి చూపించే మొహాలు ఎవరికోసమో అప్పుడు అర్థమైంది. అవి పొయ్యి దగ్గరున్న మనిషిని పిలిచే పిలుపులు.

ఇంకో సంగతి. కొనుగోలుదార్ల ఇళ్లని తరగతులుగా విడగొట్టడానికి 2011లో వచ్చిన వర్గీకరణకి రెండే కొలతలు. ఇంట్లో ఎక్కువ సంపాదించే మనిషి చదువు, పదకొండు వస్తువుల జాబితాలో ఆ ఇంట్లో ఉన్నవెన్ని అన్నది. ఎం.ఏ. చదివి ఇంట్లో ఉండిపోయిన స్త్రీ ఏ తరగతి ప్రేక్షకురాలో తేల్చేది ఆమె మొగుడి చదువు. ఆమె చూపుని అమ్ముకోవడానికి కూడా ఆమె చదువు లెక్కలోకి రాదు.

మార్కెట్ లెక్క తప్పయితే ప్రేక్షకురాలు స్వతంత్రురాలని సంబరపడొచ్చా? ఇక్కడే నాకు నెల్లూరు గుర్తొస్తుంది. అక్షరాస్యతా ఉద్యమం వాచకంలో సారా పాడుచేసిన సంసారం గురించి సీతమ్మ కథ ఉంది. దాన్ని చదివిన, విన్న ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి వెళ్లారు. దూబగుంట పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992కల్లా అది పెద్ద ఉద్యమమైంది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. వాచకం అచ్చువేయించిందీ ప్రభుత్వమే, సారా పాటలు పాడించిందీ ప్రభుత్వమే. స్టూవర్ట్ హాల్ 1973లో చెప్పిన మూడు రకాల గ్రహింపుల్లో, అంటే ఒప్పుకోవడం, కొంత ఒప్పుకుని కొంత బేరమాడడం, ఎదిరించడంలో, దీన్ని దేంట్లో వెయ్యాలి? వాళ్లు పాఠాన్ని ఎదిరించలేదు. పాఠం రాయించినవాళ్లు ఊహించనంత నిజంగా నమ్మారు.

మా పిన్నీ చదివింది, దూబగుంట ఆడవాళ్లూ చదివారు. తేడా ఒక్క పుస్తకంలోనే లేదు. వాళ్లు రాత్రిబడిలో పదిమంది కూర్చుని చదివి, అక్కడే మాట్లాడుకున్నారు. పిన్ని ఒక్కతే చదివి, లైటు ఆర్పి, పొద్దున్నే లేచి మళ్లీ అంట్లు తోముకుంది. రాడ్‌వే కూడా ఆ పఠనాన్ని నిరసనగా గుర్తిస్తూనే, అది ఇంటి పొందికని కదపలేదని ఒప్పుకుంది. నా అధ్యాయంలో విమర్శంతా తప్పని నేననను. ఆ నవలల్లో పెళ్లి ఇప్పటికీ పెళ్లే. నేను అడగని ప్రశ్న వేరే ఉంది: చదివాక ఆమె ఎవరితో మాట్లాడింది?

మూడోవారం క్లాసులో, అప్పటిదాకా నోరు విప్పని ఒక దళిత విద్యార్థిని అంది: ‘మేడం, ఆ సీరియల్ ఇళ్లల్లో మా ఇల్లు ఎప్పుడూ ఉండదు. అందుకే మా వాడలో ఆడవాళ్లు అత్తా కోడళ్ల మీద జోకులేసుకుంటూ చూస్తారు. ఏడవరు.’ నల్లజాతి స్త్రీలు హాలీవుడ్ సినిమాని దూరంగా నిలబడి, ప్రశ్నిస్తూ చూస్తారని బెల్ హుక్స్ 1992లో రాసింది నేను పాఠంగా చెప్పబోతున్న రోజది. నా నోట్సు పక్కన పెట్టేశాను. ‘తెలుగు ప్రేక్షకురాలు’ అని నేను ఇన్నాళ్లూ రాసిన మనిషికి ఒక కులం ఉందని, అది నా కులమేనని ఆ అమ్మాయి చెప్పకుండానే చెప్పింది. ఆ నవ్వుని తిరుగుబాటు అని పేరుపెట్టి నేను మళ్లీ సిద్ధాంతంలో కలిపేసుకుంటే మొదటి తప్పే ఇంకోసారి చేసినట్టు.

అందుకని పరీక్షకి బదులు ఒక పని ఇచ్చాను. ముందు మీరేం చూస్తారో సిగ్గుపడకుండా రాయండి. తర్వాత ఇంట్లో ఒకరి పక్కన వారంరోజులు కూర్చుని చూసి, వాళ్లు చూస్తూ ఏం పని చేస్తున్నారో, చూశాక ఎవరితో ఏం మాట్లాడారో రాయండి. ‘మా అమ్మ పక్కన కూర్చుంటే వంటెవరు చేస్తారు మేడం?’ అని ఒకబ్బాయి అడిగాడు. అది కూడా రాయమన్నాను.

సిద్ధాంతవ్యాసాన్ని పుస్తకంగా వెయ్యమని స్నేహితులు అంటున్నారు. ఆ ఒక్క అధ్యాయం ఆపాను. ఈ సెలవుల్లో పిన్ని దగ్గరికి వెళ్లి, ఆ కుట్టిన పుస్తకాలు ఆవిడతో కలిసి చదవాలి. ఆవిడ తర్వాత ఆ పుస్తకాలు ఏ ఇళ్లకి వెళ్లి వచ్చాయో కూడా అడగాలి.