చిత్రకారుని చిత్తవృత్తియు యంత్రలేఖనమును

కంప్యూటరు సాధనముగా రచింపబడు చిత్రములను గూర్చి మన పండితలోకమున నొక యభిప్రాయము వినవచ్చుచున్నది. కుంచె పట్టిన చేయి హృదయము ననుసరించి కదలును. దుఃఖితుని చేయి వడకును. క్రుద్ధుని చేయి విసురుగా బోవును. ఆ వడకును ఆ విసురును పటమున నిలిచిపోవును. యంత్రమునకు హృదయము లేదు. కావున యంత్రము గీచిన గీతలో కర్తయొక్క చిత్తవృత్తి చేరుటకు దారి లేదు. చిత్తవృత్తి చేరనిచోట రసము లేదు. ఇది వారి వాదము. దీనికి బదులుగా నవీనులు కొందరు, చిత్రకారుడు సంతోషముగా నున్ననాడు వెలుగు రంగులను, విచారముగా నున్ననాడు చీకటి రంగులను తెరపై నెన్నుకొనును గనుక, అతని మనస్సు డిజిటల్ చిత్రమునను యథాతథముగా దిగునని చెప్పుదురు.

చూడగా ఈ రెండు వాదములకును పునాది యొక్కటియే. కర్త మనస్సునందలి భావము కాలువనీటివలె చేతిగుండ పటమునకు పారునని యిరువురును నమ్మినవారే. కాలువ తెగినదని యొకరు, తెగలేదని యొకరు. ఆ నమ్మకమే సరికాదని నా తలంపు. యంత్రలేఖనము రసమునకు విరోధి కాకపోగా, చిత్తవృత్తి కళగా మారు విధమును మనకు మరింత విస్పష్టముగా జూపుచున్నది. దీనికి నిదర్శనముగా వేరా మోల్నార్ అను చిత్రకర్త్రి రచనము నొకదానిని పరిశీలింతును.

ఈమె 1924లో బుడాపెస్టునందు జన్మించి, అచ్చటనే చిత్రకళ నభ్యసించి, 1947లో పారిసు చేరెను. 2023 డిసెంబరులో మృతినొందువరకు ఆ నగరమే ఆమెకు నివాసము. కంప్యూటరు చేతికి రాకమునుపే, 1960 ప్రాంతమున, ఈమె తనకు తాను నియమములను విధించుకొని, వానిని దప్పక, ఒకదాని వెంట నొకటిగా చిత్రములను చేతితోనే గీచుచుండెడిది. ఆ పద్ధతికి ఊహాయంత్రమని పేరు పెట్టుకొనెను. 1968లో నిజమైన యంత్రము లభింపగా, ఫోర్ట్రాన్ భాష నేర్చి, ప్లాటరుచే చిత్రములు గీయింప నారంభించెను. ప్లాటరనగా కంప్యూటరు పంపు సంఖ్యల ననుసరించి కాగితముపై కలమును నడపు యంత్రము. నియమములను ముందు పెట్టుకొని వానిలోనుండి సృష్టి చేయుట మనకు క్రొత్త కాదు. నిషిద్ధాక్షరి నెరిగిన తెలుగువారు ఈమె పద్ధతిని చూచి వెరగుపడ నవసరము లేదు. అవధాని పృచ్ఛకుడు మూసిన దారులను దప్పించుకొని పోవుచుండ, ఒక ప్రక్క గంటలు లెక్కించుచుండ, కరుణరసముతో పద్యము చెప్పుమనిన చెప్పును. ఆ క్షణమున నతడు శోకించుచున్నాడా యని యడుగువాడు సభలో నుండడు.

ఇక ప్రకృతము. మోల్నార్ తల్లి హంగరీలోనే యుండి, పారిసులోని కూతునకు వారమున కొక యుత్తరము వ్రాయుచుండెడిది. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యకాలమున చదువుకొన్న కుటుంబముల స్త్రీలకు నేర్పిన గోథిక్ ఫణితి వ్రాత ఆమెది. ప్రతి పంక్తియు ఎడమవైపున కట్టుదిట్టముగా, తీరుగా మొదలై, కుడివైపునకు పోనుపోను కలతచెంది, చివరకు తత్తరపాటుతో ముగియుచుండెడిదట. ఏండ్లు గడచినకొలది పంక్తిచివరి కలత లేఖయంతటను వ్యాపించినది. తీరు తరిగినది, చదువుట కష్టమైనది, చూచుటకు మాత్రము అందము తగ్గలేదని కూతురే చెప్పియున్నది. పిమ్మట ఉత్తరములు నిలిచిపోయినవి. అప్పుడామె తల్లి లేఖలను కంప్యూటరుచే తనకు తానే వ్రాసికొన మొదలిడెను. 1980ల దశకమున సాగిన యా చిత్రావళికి ‘నా తల్లి ఉత్తరములు’ అను నర్థమిచ్చు ఫ్రెంచి నామము పెట్టబడినది. అందు అక్షరము లేవు. పంక్తులున్నవి. పంక్తులలో నిలువుగీత లెగయుచు దిగుచు, ఎడమనుండి కుడికి క్రమముగా తీరు తప్పుచుండును.

ఈ చిత్రములలోని వడకు ఎవరిది? తల్లి చేయి దీనిని తాకలేదు. కూతురి చేయి తాకలేదు. ప్లాటరు కలము శోకమున నొక విధముగాను హర్షమున నొక విధముగాను నడవదు. గీత ఎచ్చట ఎంత దారి తప్పవలెనో సంఖ్యారూపమున ముందుగా నిర్ణయింపవలసినదే. కాలువవాదులు చెప్పునట్లయిన ఇచ్చట భావమునకు చోటే లేదు. కాని యా చిత్రముల నెదుట నిలిచినవానికి కలత కలుగుచున్నది. ఇది మన శాస్త్రమెరిగినవారికి చిక్కుముడి కాదు. వేపథువు భరతుడు చెప్పిన యెనిమిది సాత్త్వికభావములలో నొకటి. సత్త్వమనగా మనస్సుయొక్క సమాధానమువలన బుట్టునదని ఆయనయే చెప్పెను. నటుడు తాను దుఃఖితుడు కాకయే కన్నీరు చూపవలెను. అది మనస్సు నేకాగ్రపరచిననే గాని సాధ్యము కాదు. ప్లాటరు గీతలోని వడకు రోగివడకు కాదు, నటుని వడకు. ఎంత కలత పెట్టవలెను, ఎచ్చట మొదలిడవలెను, ఎచ్చట తీరును కాపాడవలెను అను నిర్ణయములలో కర్త్రియొక్క ఏకాగ్రత నిలిచియున్నది. ఈ నిర్ణయములలో నామె యెంత పొదుపరియో తెలియుటకు ఆమె మరియొక రచననామమే చాలును: ‘నూటికొకపాలు అవ్యవస్థ’. ఒక్క పాలు! చిత్తవృత్తిని కొలిచి పోయుట యిట్టిది.

అయినచో కర్త్రి శోకము అనవసరమా యని శంక కలుగవచ్చును. లోచనమున అభినవగుప్తపాదులు క్రౌంచవధకథను వ్యాఖ్యానించుచు, శ్లోకరూపము దాల్చిన శోకము మునియొక్క సొంత దుఃఖమని తలపరాదనియు, ముని దుఃఖపీడితుడే యైనచో రసమునకు తావుండదనియు తేల్చియున్నారు. అట్లని మునిహృదయము శూన్యమనలేదు. నిండిన కుండ పొరలినట్లు చిత్తవృత్తి నిండి పొరలినదే కావ్యమని అచ్చటనే చెప్పిరి. ఈ రెండు మాటలను కలిపి చదువుకొనవలెను. మన పాఠశాలలలో మొదటిదానిని విడిచి రెండవదానినే బోధించుట వాడుకయైనది. అందుచేతనే కవి యేడ్చిననే పద్యమేడ్చునని విద్యార్థులు వ్రాయుచున్నారు. మోల్నార్ విషయమున, ఉత్తరములు నిలిచిన దుఃఖము కుండను నింపినది. ఆ దుఃఖమే పటమునకు దిగలేదు. దిగినది తల్లి వ్రాతయందలి క్రమభంగము. అనగా దుఃఖమునకు పూర్వమే కూతురు ఏండ్లతరబడి ప్రీతితో చూచి యెరిగిన రూపము. శోకము ప్రేరకము, రూపము స్మృతిలబ్ధము, లేఖకుడు యంత్రము. ఈ మూడు చేతితో గీచిన చిత్రమునను ఉండునవే. అచ్చట నవి యొక్క చేతిలో కలిసిపోయి యుండుటచే వేరుపరచి చూపలేము.

నవీనుల వాదమునకు డేవిడ్ హాక్నీ యను ఆంగ్లచిత్రకారుని రచనలు అనుకూలమని తోచవచ్చును. ఆయన 2011లో యార్క్‌షైరునందలి వోల్డ్‌గేట్ బాటపై వసంతాగమనమును ఐప్యాడ్‌పై చిత్రించి, అందు 51 చిత్రములను ముప్పదిరెండు పటముల నతికిన యొక మహాచిత్రముతో గూర్చెను. 2020లో మహమ్మారికాలమున, నార్మండీయందు, ఆ సాధనముతోనే 116 చిత్రములు రచించెను. నడుమ 2012 శరత్కాలమున ఆయనకు స్వల్పమైన మస్తిష్కాఘాతము కలిగెను. పలుమారు చిత్రించిన యొక చెట్టుమోడును ఆ యేడే ఎవరో పాడుచేసి నరికిరి. మరుసటి వసంతమును ఆయన ఐప్యాడ్‌పై గాక బొగ్గుతో, రంగు లేకుండ, 25 చిత్రములుగా గీచెను. చిత్తవృత్తి సాధనము నెన్నుకొన్నదని యొకరనవచ్చును. అంతవరకు నాకును సమ్మతమే. కాని దానినుండి తేలునది యేమి? తెర తానే వెలుగు నిచ్చు నద్దము. దానిపై నలుపును పూసినను వెనుక దీప ముండనే యుండును. ఆ సాధనమునకు స్వభావసిద్ధమైన యుల్లాస మొకటి కలదు. నార్మండీ చిత్రములలో పెక్కింట కనబడు హర్షము చిత్రకారునిదెంత, తెరదెంత యని విమర్శకుడు విడదీయక తప్పదు. విడదీసినచో, వానిలో కొన్నింట కర్త హర్షించుచుండెననుట తప్ప మనకు హర్షము కలుగదని నా యభిప్రాయము. బొగ్గుచిత్రములలో అట్లు కాదు. రంగు లేని వసంతమును చూచువాడు రంగును తానే పూరించుకొనవలసివచ్చును.

మరల ఉత్తరములకు వత్తము. వేపథువు ఒక్క భావమునకే చెందినది కాదు. చలివలన, భయమువలన, హర్షమువలన, కోపమువలన, ముసలితనమువలన కూడ వడకు కలుగునని శాస్త్రము. కావున పటముపై వడకును మాత్రము చూచినవాడు దాని నేదియైన ననుకొనవచ్చును. భూకంపమాపకయంత్రము గీచిన గీతయని యనుకొనినను తప్పు పట్టలేము. విభావము తెలిసిననే అనుభావము భావమును సూచించును. ఇచ్చట విభావము చిత్రనామమున నున్నది. తల్లి యను మాటయు, ఉత్తరమను మాటయు చెవినిబడగానే గీతలు పంక్తులగును, తీరు తప్పుట వార్ధక్యమగును. నామములోని సాయమును బట్టి చిత్రము లోపముగలదని నవ్యచిత్రవిమర్శకులు కొందరనవచ్చును. శబ్దసహాయము లేక చిత్రము తానుగానే మాటలాడవలెనను పట్టుదల మన సంప్రదాయమున నెన్నడును లేదు. దానిని క్రొత్తగా తెచ్చుకొనుటకు కారణమును గానరాదు.

మరియొక విశేషము. ఆ తల్లి వ్రాసినది హంగరీభాష యైనచో, దాని నెరుగనివారు నిజమైన యుత్తరమును చూచి పరభాషాలేఖయని ప్రక్కకు తొలగుదురు. యంత్రము వ్రాసిన పంక్తులలో చదువుటకు ఏ భాషయు లేదు. బుడాపెస్టువారికిని, పారిసువారికిని, మనకును అవి సమానముగా చదువరానివి. ఒకానొక కూతురికి వచ్చిన లేఖ యను విశేషము జారిపోయి, చదువరాకపోయిన యే తల్లి వ్రాతయైనను అందు చూచుకొనుటకు వీలగుచున్నది. మనవారు సాధారణీకరణమనునది యిదియే.